బాంబుల మట్టికి పేడ వైద్యం: బ్యాక్టీరియా ఎంతవరకు పనిచేస్తుంది?

అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం, హెర్మిస్టన్ అనే ఊరి దగ్గర ఉమటిల్లా సైనిక డిపో ఉండేది. 1950ల నుంచి 1965 దాకా అక్కడ పాత బాంబులను, ఫిరంగి గుండ్లను విప్పి, లోపలి పేలుడు మందును వేడినీళ్లతో, ఆవిరితో కడిగేవారు. అందులోని టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి అది పెద్ద కష్టమైన పని కాదు. కడిగిన నీళ్లు మాత్రం అడుగున ఏ పూతా, పొరా లేని రెండు గుంటల్లోకి పోయేవి. అలా పోయిన నీళ్లు సుమారు 8.5 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 32 కోట్ల లీటర్లు. గుంటలు ఎండిపోయాయి, మందు మట్టిలో ఉండిపోయింది, కొంత కిందికి దిగి భూగర్భజలంలో కలిసింది.

టీఎన్‌టీ కలిసిన నీళ్లకు ఎండ తగిలితే గులాబీ రంగు వస్తుంది, పోను పోను ముదురు ఎరుపవుతుంది. ఆయుధ కర్మాగారాల్లో దీన్ని పింక్ వాటర్ అంటారు. ఈ రంగు వల్ల టీఎన్‌టీ కాలుష్యం కనీసం కంటికి ఆనుతుంది. దానితో పాటే బాంబులో ఉండే రెండో మందు ఆర్‌డీఎక్స్‌కు ఆ లక్షణం కూడా లేదు. రంగు, వాసన ఏమీ లేకుండా నీళ్లతో పాటు వెళ్లిపోతుంది. 1993 ముంబయి పేలుళ్ల తర్వాత మన పత్రికలు చదివేవారందరికీ పరిచయమైన పేరే అది. ఉగ్రవాదుల చేతిలో పదార్థంగా అది మనకు తెలుసు కానీ, బావి నీళ్లలో కాలుష్యంగా తెలిసింది తక్కువ.

1990ల మధ్యలో ఉమటిల్లా గుంటల మట్టిని తవ్వి తీసి, పేడ, ఎండుగడ్డి, రంపపు పొట్టు, బంగాళదుంపల వ్యర్థాలతో కలిపి కంపోస్టు పెట్టారు. సుమారు 15 వేల టన్నుల మట్టి. కొలిమిలో పెట్టి కాల్చాల్సిన మట్టిని ఎరువులా మాగబెట్టి శుద్ధి చేశారన్నమాట. ‘బాంబులను తినే బ్యాక్టీరియా’ అన్న శీర్షికతో కొన్నేళ్లకోసారి వచ్చే వార్తల్లో ఈ కథ తరచూ ఉంటుంది. కథ నిజమే. కానీ ఆ కుప్పలో టీఎన్‌టీకి జరిగింది ఒకటి, ఆర్‌డీఎక్స్‌కు జరిగింది మరొకటి. రెండింటికీ కలిపి ‘తినేసింది’ అని రాసేస్తే అసలు విషయం మరుగున పడుతుంది.

ముందు ఈ రెండు పదార్థాలు నేలలో ఎలా నడుస్తాయో చూడాలి. లీటరు నీటిలో టీఎన్‌టీ 100 మిల్లీగ్రాములకు పైగా కరుగుతుంది. ఆర్‌డీఎక్స్ దానిలో సగం అటూ ఇటూగా కరుగుతుంది. ఈ లెక్క ప్రకారం నీళ్లలో దూరం పోవాల్సింది టీఎన్‌టీ. జరిగేది దానికి తలకిందులు. టీఎన్‌టీ బంకమట్టికి, నేలలోని సేంద్రియ పదార్థానికి అంటుకుపోతుంది. పైనున్న కొన్ని అడుగుల లోతులోనే ఎక్కువగా చిక్కుకుంటుంది. ఆర్‌డీఎక్స్‌కు మట్టి మీద ఆ మమకారం లేదు. కరిగిన కొద్ది మేరా ఎక్కడా ఆగకుండా నీటిమట్టం దాకా దిగుతుంది. తాగునీటిలో ఈ రెండింటికీ అమెరికా పర్యావరణ సంస్థ సూచించిన జీవితకాల పరిమితి (జీవితాంతం తాగినా హాని ఉండదనుకునే మోతాదు) లీటరుకు 2 మైక్రోగ్రాములు. అంటే ఒక్క గ్రాము ఆర్‌డీఎక్స్ 5 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్తుంది. చిటికెడు పొడి, ఒక చెరువు మూల.

ఇంత మందు నేలలో పడడానికి పాత డిపోలే అక్కరలేదు. సైనిక శిక్షణ మైదానాలు చాలు. 155 మిల్లీమీటర్ల గుండులో సుమారు 7 కిలోల మందు ఉంటుంది. అది సవ్యంగా పేలితే మిగిలేది మిల్లీగ్రాముల్లోనే, దాదాపు అంతా వాయువుగా మారిపోతుంది. చిక్కంతా సగం పేలి ఆగిపోయిన వాటితో, పేలకుండా నేలలో కూరుకుపోయి పెంకు తుప్పుపట్టి చిల్లులు పడిన వాటితో. అలాంటి గుండు ఒక్కటి సరిగ్గా పేలిన వేల గుండ్లకన్నా ఎక్కువ మందును మట్టిలో వదులుతుంది. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ ప్రాంతంలో క్యాంప్ ఎడ్వర్డ్స్ అనే శిక్షణ మైదానం ఉంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ తాగేది దాని కింద ఉన్న ఇసుక పొరల్లోని నీళ్లే. ఆ నీళ్లకు ముప్పు వస్తోందని 1997లో పర్యావరణ సంస్థ అక్కడ నిజమైన గుండ్లతో కాల్పులు ఆపించింది. నీళ్ల కోసం సైన్యం చేత తుపాకులు దించించడం చిన్న విషయం కాదు. దాని వెనక ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి ఆర్‌డీఎక్స్.

ఇక బ్యాక్టీరియా సంగతి. నేలలోని సూక్ష్మజీవులు పెట్రోలులోని బెంజీన్, టోలుయీన్ లాంటివాటిని ఎప్పటినుంచో తింటున్నాయి. టీఎన్‌టీ కూడా టోలుయీన్ పిల్లే. ఆరు కార్బన్ల వలయానికి మూడు చోట్ల నైట్రో సమూహాలు (ఒక నత్రజని, రెండు ఆక్సిజన్ల ముడి) తగిలించిన టోలుయీన్. మరి దీని దగ్గరెందుకు ఆగిపోయాయి?

మామూలుగా ఇలాంటి వలయాన్ని తెరవడానికి బ్యాక్టీరియా ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్‌ను వాడుతుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను వలయానికి అతికిస్తుంది. అక్కడి నుంచి వలయం తెగి, ముక్కలై, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతుంది. అయితే ఈ ఎంజైమ్ పట్టు దొరకాలంటే వలయంలో ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉండాలి. నైట్రో సమూహం స్వభావం ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం. టీఎన్‌టీలో అలాంటివి మూడున్నాయి, మూడూ మూడు వైపులా లాగుతుంటాయి. వలయం ఎలక్ట్రాన్లు లేక బీదదవుతుంది, ఆక్సిజనేజ్‌కు అక్కడ పని దొరకదు.

ఇది ఊహ కాదనడానికి ఒక నైట్రో తగ్గిన డీఎన్‌టీయే సాక్ష్యం. టీఎన్‌టీ తయారీలో మధ్యలో వచ్చే పదార్థం ఇది, నైట్రో సమూహాలు రెండే. ఫ్లోరిడాలోని టిండాల్ వైమానిక స్థావరంలో పనిచేసిన జిమ్ స్పెయిన్, ఆయన సహచరులు 1991లో డీఎన్‌టీని ఆక్సిజనేజ్‌తోనే తెరిచి, నైట్రైట్‌ను బయటికి వదిలి, మిగతా అంతటినీ ఆహారంగా వాడుకునే బ్యాక్టీరియాను చూపించారు. డీఎన్‌టీ మనిషి చేసిన పదార్థం. దాన్ని పగలగొట్టే ఎంజైమ్‌ను పరిశీలిస్తే అది నాఫ్తలీన్‌ను, అంటే మన కలరా ఉండల పదార్థాన్ని తెరిచే పాత ఎంజైమ్ వంశానికే చెందినదని తేలింది. కర్మాగారాలు వచ్చిన కొన్ని దశాబ్దాల్లోనే బ్యాక్టీరియా ఉన్న పనిముట్టును కొత్త పనికి మలుచుకుంది. రెండు నైట్రోల దాకా సాధ్యమైనది మూడో నైట్రో దగ్గర ఆగిపోయింది.

అలాగని టీఎన్‌టీని బ్యాక్టీరియా ముట్టుకోదని కాదు. వలయం జోలికి పోకుండా నైట్రో సమూహాల మీదే పనిచేస్తుంది. దాదాపు ప్రతి నేల బ్యాక్టీరియా దగ్గరా నైట్రోరిడక్టేజ్ ఎంజైములు ఉంటాయి. అవి నైట్రో సమూహానికి ఎలక్ట్రాన్లు అందించి మెట్టు మెట్టుగా నైట్రోసోగా, హైడ్రాక్సిల్ అమైనోగా, చివరికి అమైనోగా, అంటే ఆక్సిజన్లు పోయి హైడ్రోజన్లు చేరిన రూపంగా మారుస్తాయి. మొదటి నైట్రో తేలిగ్గా మారుతుంది. రెండోది కష్టం. మూడోది మారాలంటే ఆక్సిజన్ బొత్తిగా ఉండకూడదు. ఇక్కడ వలయం చెక్కుచెదరలేదని గమనించాలి. టీఎన్‌టీ పోయింది, దాని స్థానంలో అమైనో డైనైట్రోటోలుయీన్లు వచ్చాయి. వీటికీ విష స్వభావం ఉంది. మధ్యలో వచ్చే నైట్రోసో, హైడ్రాక్సిల్ అమైనో రూపాలు ఇంకా చురుకైనవి. ఆ రెండూ ఒకదానికొకటి తగిలితే జతకట్టి అజాక్సీ అనే జంట అణువులవుతాయి. వాటిని విడగొట్టడం అసలు టీఎన్‌టీ కన్నా కష్టం.

కలుషిత నేలల దగ్గర వాడే ఒక చౌక పరీక్ష ఉంది. మట్టిని అసిటోన్‌లో కలియబెట్టి, వడకట్టి, గాఢమైన క్షారం వేస్తారు. టీఎన్‌టీ ఉంటే ద్రవం అక్కడికక్కడే ఎర్రబడుతుంది. బ్యాక్టీరియా చల్లిన మట్టికి కొన్ని వారాల తర్వాత ఈ పరీక్ష చేస్తే రంగు రాదు. ‘టీఎన్‌టీ నూరు శాతం తొలగింది’ అని రాసుకోవచ్చు. కానీ టీఎన్‌టీ అమైనో రూపంలోకి మారినా రంగు రాదు, మట్టికి గట్టిగా అతుక్కుపోయి అసిటోన్‌కు లొంగకపోయినా రాదు. ఇలాంటి ప్రకటనలు చదివినప్పుడు నేను ముందుగా వెతికేది తొలగింపు శాతాన్ని కాదు. కార్బన్ ఎక్కడికి పోయింది, నత్రజని ఎక్కడికి పోయింది అన్న లెక్క ఉందా లేదా అని చూస్తాను. చాలావాటిలో ఉండదు.

ఉమటిల్లా కంపోస్టు కుప్పలను ఈ లెక్కతో చూద్దాం. కుప్పలో కలుషితమైన మట్టి మూడో వంతుకు మించనివ్వలేదు. మిగతాదంతా పేడ, గడ్డి, పొట్టు, ఆ ప్రాంతంలో విరివిగా దొరికే దుంపల వ్యర్థం. మట్టి ఎక్కువైతే కుప్ప వేడెక్కదు. పొడవాటి గట్ల లాగా పేర్చిన కుప్పల మీద కాళ్లు చాపి నిలిచినట్టుండే యంత్రం ఒకటి నడుస్తూ కిందిది పైకి, పైది కిందికి తిప్పుతుంది. మన పొలం గట్టున పెంటకుప్ప తిరగేసే పనే, పారకు బదులు యంత్రం. మంచి ఊపు మీదున్న కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. తిప్పిన వెంటనే గాలి చేరుతుంది, సూక్ష్మజీవులు ఎగబడి ఆ ఆక్సిజన్‌ను కాసేపట్లో ఖాళీ చేస్తాయి. మళ్లీ తిప్పేదాకా లోపల గాలి ఉండదు. ఈ గాలి లేని వేళల్లోనే నైట్రోలు అమైనోలవుతాయి. గాలి తగిలిన వేళల్లో ఆ అమైనోలు కుళ్లుతున్న గడ్డి, పేడల నుంచి పుట్టే హ్యూమస్‌తో రసాయనికంగా ముడిపడిపోతాయి. టీఎన్‌టీకి, ఆర్‌డీఎక్స్‌కు విడివిడిగా కిలో మట్టికి 30 మిల్లీగ్రాముల లోపుకు దిగాలన్నది అక్కడ పెట్టుకున్న లక్ష్యం. కుప్పలు వారాల్లోనే దాన్ని అందుకున్నాయి.

అసలు మట్టిని కుప్ప దాకా తేవడంలోనే ఒక జాగ్రత్త ఉంది. బరువులో 10 శాతానికి మించి మందు ఉన్న మట్టిని అమెరికా సైన్యం మట్టిగా చూడదు, పేలే పదార్థంగానే లెక్కేస్తుంది. అలాంటి చోట తవ్వే ముందు తడిపి, శుభ్రమైన మట్టి కలిపి పలుచన చేయాలి. ఒక గడ్డ మందు పారకు తగిలితే ఏమవుతుందో బ్యాక్టీరియా నిపుణులకన్నా పార పట్టినవాళ్లకే బాగా తెలుసు.

మరి హ్యూమస్‌తో ముడిపడిన టీఎన్‌టీ ఉన్నట్టా, పోయినట్టా? దీన్ని తేల్చడానికి రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన టీఎన్‌టీని మట్టిలో కలిపి చూశారు. కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి వచ్చింది కొద్ది శాతమే. ఎక్కువ భాగం మట్టిలోనే, ఏ ద్రావణికీ లొంగని రూపంలో ఉంది. 1990ల చివర్లో జర్మన్ శాస్త్రవేత్తలు నత్రజని-15 (మామూలు నత్రజని కన్నా కాస్త బరువైన రకం) గుర్తుతో ఇదే మరో వైపు నుంచి చూశారు. టీఎన్‌టీ అమైనోలు హ్యూమస్‌కు పైపైన అంటుకోలేదని, గట్టి రసాయన బంధంతో దానిలో భాగమైపోయాయని తేలింది. రెండో ప్రపంచ యుద్ధపు టీఎన్‌టీ కర్మాగారాల నేలలు జర్మనీకి ఇప్పటికీ తలనొప్పే. అందుకే అక్కడ ఈ పరిశోధన అంత లోతుగా జరిగింది. స్టట్‌గార్ట్‌లో హాన్స్-యోఆఖిమ్ క్నాక్‌ముస్ బృందం ముందు గాలి తగలనివ్వకుండా మూడు నైట్రోలనూ అమైనోలుగా మార్చి, తర్వాత గాలి ఇచ్చి బంధాలు బిగించే రెండు దశల పద్ధతిని రూపొందించింది. టీఎన్‌టీని నాశనం చేయలేకపోతే మళ్లీ లేవకుండా కట్టేయడం అన్నమాట.

నా మటుకు నాకు ఇది ఒప్పుకోదగిన పరిష్కారమే. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఉమటిల్లా కంపోస్టు నుంచి ఊరిన నీటిని పరీక్షించినప్పుడు విషం బాగా తగ్గింది, సున్నా కాలేదు. కాల్చడంతో పోలిస్తే ఖర్చు తక్కువ, మట్టి మట్టిగా మిగులుతుంది, దాని మీద గడ్డి మొలుస్తుంది. కానీ ఈ ఒప్పుదల హ్యూమస్ నిలిచినంత కాలమే. చల్లటి దేశాల్లో హ్యూమస్ దశాబ్దాలు, శతాబ్దాలు నిలుస్తుంది. తెలంగాణ చల్కా నేలల్లో, రాయలసీమ ఎర్ర నేలల్లో సేంద్రియ కార్బన్ అర శాతం కూడా లేని చోట్లే ఎక్కువ. ఎన్ని బండ్ల ఎరువు తోలినా రెండు మూడు ఎండాకాలాల్లో హరించుకుపోతుందని రైతులకు తెలుసు. జర్మనీలో వంద సంవత్సరాల హామీ అనిపించే బంధానికి ఇక్కడ అదే కాలపరిమితి రాసేయడం కుదరదు. ఉష్ణదేశాల నేలల్లో ఈ పద్ధతి వాడేవారు ఏటేటా తిరిగి కొలవాల్సిందే.

ఆర్‌డీఎక్స్ దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. ఇది నీళ్లలో పరుగెత్తే రకం కాబట్టి ప్రమాదం ఎక్కువ. కానీ బ్యాక్టీరియా దీన్ని నిజంగానే ముక్కలు చేయగలదు. దీనిది కార్బన్, నత్రజని ఒకటి విడిచి ఒకటి కూర్చిన ఆరు మూలల వలయం. మూడు నత్రజనులకూ తలా ఒక నైట్రో. ఒక్క నైట్రోను ఊడబెరికితే చాలు, ముక్కాలి పీటకు ఒక కాలు తీసినట్టే, వలయం నీళ్లలో తనంతట తనే కూలిపోతుంది. ఆ మొదటి దెబ్బ వేసే ఎంజైమ్ పేరు ఎక్స్‌ప్లా. బ్రిటన్‌లో ఆర్‌డీఎక్స్ పడ్డ నేల నుంచి వేరు చేసిన రోడోకాకస్ రోడోక్రస్ 11వై అనే బ్యాక్టీరియాలో దీని జన్యువును నీల్ బ్రూస్ బృందం 2002లో గుర్తించింది. అంతకు ముందే, 1998లో, ఆస్ట్రేలియా నేల నుంచి డీఎన్22 అనే మరో రోడోకాకస్ దొరికింది. ఈ రెండింటికీ ఆర్‌డీఎక్స్‌తో పని కార్బన్ కోసం కాదు, నత్రజని కోసం. గాలి ఉన్నప్పుడు ఎక్స్‌ప్లా రెండు నైట్రోలను నైట్రైట్‌గా విడగొడుతుంది. బ్యాక్టీరియా దాన్ని ప్రోటీన్లు కట్టుకోవడానికి వాడుకుంటుంది. ఫార్మాల్డిహైడ్‌తో పాటు ఎన్‌డీఏబీ అనే చిన్న ముక్క ఒకటి మిగులుతుంది. దాన్ని ఈ బ్యాక్టీరియా తినలేదు. మిథైలోబ్యాక్టీరియం జాతికి చెందిన ఒక రకం ఆ ఎంగిలిని తిని బతుకుతుందని తర్వాత తెలిసింది.

ఇంకో విచిత్రం. బ్రిటన్, ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్, అమెరికా నేలల్లో దొరికిన వేర్వేరు బ్యాక్టీరియాల్లో ఎక్స్‌ప్లా జన్యువు దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకటే. ఆర్‌డీఎక్స్ పెద్ద ఎత్తున తయారైంది రెండో ప్రపంచ యుద్ధం నుంచే. ఇంత తక్కువ కాలంలో ఇన్ని ఖండాల్లో విడివిడిగా ఒకే జన్యువు పుట్టే అవకాశం లేదు. గోర్డోనియా కేటీఆర్9 అనే బ్యాక్టీరియాలో అది ప్లాస్మిడ్ మీద, అంటే ఒక బ్యాక్టీరియా మరొకదానికి చేతులు మార్చగల డీఎన్‌ఏ వలయం మీద ఉన్నట్టు తెలిశాక సందేహం తీరింది. ప్రయోగశాలలో ఆ ప్లాస్మిడ్ ఇతర బ్యాక్టీరియాలకు నిజంగానే చేరింది. నేలలో మందు పడిన చోటల్లా ఈ జన్యువు ఉన్నవాడికి తిండి, లేనివాడికి పస్తు. అదే దాన్ని వ్యాపింపజేసింది.

నత్రజని కోసమే తింటుందన్న సంగతికి ఆచరణలో చాలా విలువ ఉంది. నేలలో అమ్మోనియం పుష్కలంగా ఉంటే కేటీఆర్9 ఆర్‌డీఎక్స్ వైపు సరిగ్గా చూడదు. తేలిగ్గా దొరికే నత్రజని ఉండగా కష్టపడటమెందుకు? కాబట్టి కలుషిత నేలకు ‘బ్యాక్టీరియా బలంగా పెరగాలి’ అని యూరియా లాంటిది చల్లితే పని చెడుతుంది. ఇవ్వాల్సింది కార్బన్. నత్రజని కరువు అలాగే ఉంచాలి. పేడకుప్ప పద్ధతిలో ఈ ఎంజైమ్ మీద అంత ఆధారపడం. గాలి లేని వేడి కుప్పలో ఆర్‌డీఎక్స్‌ను వేరే సూక్ష్మజీవులు వేరే దారిలో, నైట్రోలను నైట్రోసోలుగా మారుస్తూ పడగొడతాయి. ఒకే పదార్థానికి రెండు దారులున్నాయి. ఒక దారికి ఎరువు లాంటిది మరో దారికి అడ్డు. ‘బ్యాక్టీరియాకు పోషకాలు ఇవ్వండి’ అన్న సాధారణ సలహా ఇక్కడ పనికిరాదు.

ఉమటిల్లాలో మట్టి శుద్ధి ముగిసినా కింది నీళ్లలో ఆర్‌డీఎక్స్ మిగిలే ఉంది. మొదట నీటిని పైకి తోడి బొగ్గు ఫిల్టర్ల గుండా పంపారు. అది ఏళ్ల తరబడి సాగే పని. తర్వాత మొక్కజొన్న నుంచి తీసే ఫ్రక్టోజ్ పాకాన్ని బోర్ల ద్వారా నీటి పొరలోకి ఎక్కించి చూశారు. పాకం ఎక్కువ పోస్తే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని తింటూ ఆక్సిజన్ అంతా వాడేస్తాయి, గాలి లేని దారి తెరుచుకుంటుంది. కొద్దిగా పోస్తే ఆక్సిజన్ మిగిలి ఉంటుంది, అప్పుడు ఎక్స్‌ప్లా ఉన్న కేటీఆర్9ను బయట పెంచి తెచ్చి లోపలికి పంపవచ్చు. ఈ రెండు పద్ధతులనూ అదే నీటి పొరలో పక్కపక్కన పోల్చి 2016లో ఫలితాలు ప్రచురించారు. గాలి లేని దారికి అంత పాకం నిరంతరం కావాలి. పైగా ఆక్సిజన్ పోయిన నీటిలో ఇనుము, మాంగనీసు కరిగి పైకి వస్తాయి, మధ్యలో నైట్రోసో రూపాలు నిలిచిపోయే ప్రమాదమూ ఉంది. గాలి ఉన్న దారి నీటిని అలా పాడుచేయదు. నీళ్లు ఎవరు తాగుతున్నారు, ఎంత దూరంలో తాగుతున్నారు అన్నదాన్ని బట్టి ఎంచుకోవాల్సిన విషయమిది.

శిక్షణ మైదానాల దగ్గర ఈ పద్ధతులు కుదరవు. వందల ఎకరాలను తవ్వి కంపోస్టు పెట్టలేం. పేలని గుండ్లున్న నేలలో తవ్వకమే ప్రాణాంతకం. దానికి వెతికిన దారి బ్యాక్టీరియా జన్యువును గడ్డిలో పెట్టడం. మామూలు మొక్కలు ఆర్‌డీఎక్స్‌ను వేళ్లతో పీల్చి ఆకుల్లో పోగేసుకుంటాయి. ఆకు రాలితే అది మళ్లీ నేలకే చేరుతుంది, మేసిన జంతువుకూ చేరుతుంది. ఎక్స్‌ప్లాను, దానికి ఎలక్ట్రాన్లు అందించే ఎక్స్‌ప్ల్‌బీని కలిపి స్విచ్‌గ్రాస్ అనే అమెరికా గడ్డిలో చేర్చి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరంలో మూడేళ్ల పాటు పెంచారు. యార్క్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాల బృందాలు 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆ గడ్డి హెక్టారుకు 27 కిలోల ఆర్‌డీఎక్స్‌ను విచ్ఛిన్నం చేయగలదు. ఈ మొత్తం రంగంలో నన్ను ఎక్కువగా ఒప్పించిన ప్రయోగం ఇదే. గాజు సీసాలోనో, కుండీలోనో కాకుండా ఎండా మంచూ పడే నేల మీద జరిగింది. అడ్డంకి శాస్త్రం వైపు నుంచి కాదు, జన్యుమార్పిడి మొక్కను ఆరుబయట వదలడానికి కావలసిన అనుమతుల వైపు నుంచే ఎక్కువ.

మన దేశంలో ఈ పనిని ప్రధానంగా చేస్తున్నది ఢిల్లీలోని డీఆర్‌డీవో అగ్ని, పేలుడు పదార్థాల, పర్యావరణ భద్రతా కేంద్రం. పేలుడు పదార్థాల తయారీ చోట్ల మట్టి నుంచి ఆర్‌డీఎక్స్‌ను, దాని పెద్దన్న లాంటి హెచ్ఎంఎక్స్‌ను విడగొట్టే బ్యాక్టీరియాలను అక్కడి పరిశోధకులు వేరు చేసి ప్రచురించారు. మన నేలలకు మన నేలల్లోనే అలవాటుపడ్డ బ్యాక్టీరియాను వెతకడం సరైన దారి. ఓరెగన్‌లో పనిచేసిన రకాన్ని తెచ్చి 45 డిగ్రీల ఎండలో చల్లితే వారంలో అది స్థానిక సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. సీసాల్లో పెంచిన బ్యాక్టీరియాను నేలలో వదిలిన ప్రయత్నాలు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. ఉన్నవాటికి సరైన మేత ఇచ్చి, గాలీ తేమా చూసుకోవడమే చాలాచోట్ల మేలైన పద్ధతి.

ఈలోగా సైన్యాలు మందు మారుస్తున్నాయి. నిప్పంటుకున్నా, తూటా తగిలినా తేలిగ్గా పేలని మిశ్రమాలు కావాలని అమెరికా సైన్యం 2010లో టీఎన్‌టీకి బదులుగా ఐఎంఎక్స్-101 అనే మిశ్రమాన్ని ఆమోదించింది. అందులో డీఎన్‌ఏఎన్, ఎన్‌టీఓ, నైట్రోగ్వానిడిన్ అనే మూడు పదార్థాలు ఉంటాయి. సైనికుడికి ఇది భద్రమే. కానీ తేలిగ్గా పేలని మందు, పేల్చినప్పుడు కూడా పూర్తిగా పేలడానికి మొరాయిస్తుంది, నేల మీద ఎక్కువ మిగులుతుంది. పైగా ఎన్‌టీఓ లీటరు నీటిలో 16 గ్రాముల దాకా కరుగుతుంది. మిల్లీగ్రాములు కాదు, గ్రాములు. ఆర్‌డీఎక్స్ కన్నా వందల రెట్లు. అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించినదాని ప్రకారం నేల బ్యాక్టీరియా దీన్ని గాలి లేనప్పుడు ఏటీఓ అనే అమైనో రూపానికి మారుస్తుంది, గాలి తగిలాక ఆ ఏటీఓను యూరియా, నత్రజని వాయువు, కార్బన్ డయాక్సైడ్ దాకా విడగొడుతుంది. అంటే ముందు నీళ్లు నిలవాలి, తర్వాత నేల ఆరాలి, అదే మట్టిలో, అదే వరుసలో. వరి మడి లాంటి బంకనేలలో ఇది ఏటా జరిగే క్రమమే. కాల్పుల మైదానాలు ఎక్కువగా ఉండే ఇసుక నేలల్లో మాత్రం మొదటి దశ మొదలయ్యేలోపే వాన నీళ్లు ఎన్‌టీఓను కిందికి తీసుకుపోతాయి.